అరవై లోపే పోవాలి!

తెలంగాణ రైతుబీమాకు వయసు 18 నుంచి 59 మధ్య ఉండాలి. 2018 ఆగస్టు 15న పథకం మొదలైనప్పుడు పెట్టిన షరతు ఇది. ఆలోగా రైతు ఏ కారణంతో పోయినా ఎల్ఐసీ ఇంటివాళ్లకు 5 లక్షలిస్తుంది. మంచిదే. అరవై నిండాక పోయినోడు మాత్రం ఉత్తపుణ్యానికి పోయినట్టే. పాలమూరు కౌలురైతు సంగతి సరేసరి, ఏ వయసులో పోయినా అంతే. పట్టా పాసుపుస్తకం లేనిదే చావు చెల్లదు!

అరవై దాటినోళ్ల విలువ తెలియాలంటే మునుగోడు చూడాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి అక్కడ నడివయసులోనే నడుములు వంగాయి. 2022 ఉపఎన్నికప్పుడు మాత్రం వంగింది నాయకులు. ఇంటింటికీ తిరిగి ముసలోళ్ల కాళ్లకు దండం పెట్టారు. ఎనభై దాటినా ఓటు చెల్లుతుంది కదా మరి!