అరవై ఒకటా, ఎనభై ఎనిమిదా

రిటైరైన మనిషి ఏదో నేర్చుకుంటానంటే ఇంట్లోవాళ్ళు యోగా అనుకుంటారు. నేను పియానో అన్నాను.

"ఎవరి దగ్గర?" అంది మా ఆవిడ.

"ఎవరి దగ్గరా కాదు. నాకు నేనే."

"పోన్లెండి, సగం ఖర్చు తప్పింది."

కీబోర్డు కొంటున్నానన్న సంగతి పొక్కింది. ఇక సలహాలకేం కొదవ! పైవాటా ఇంజనీరుగారు, "కొంటే 88 మెట్లదే కొనాలండీ, అసలు పియానోకి అన్నే ఉంటాయి" అన్నారు. నిజమే, తెల్లవి 52, నల్లవి 36. కానీ దాని పొడవు నాలుగడుగుల పైమాటే. వెయిటెడ్ కీస్ రకమైతే పది పన్నెండు కిలోలు తూగుతుంది. మా ఆవిడ టేపు తెచ్చి హాలు కొలిచి, "ఇది రావాలంటే దివాను పోవాలి. దివాను మా నాన్న కొనిచ్చింది" అంది. ఆ కేసు అక్కడితో కొట్టేశారు.

61 మెట్లదైతే మూడడుగుల చిల్లర. వియన్నాలో మోజార్ట్ వాయించిన, ఆంటన్ వాల్టర్ చేసిన పియానోకి ఉన్నవీ 61 మెట్లే. ఆయనకు సరిపోయినవి నాకు చాలకపోతే లోపం మెట్లలో ఉండదు. ఇంజనీరుగారితో ఈ ముక్కంటే, "ఆయన కాలం వేరు లెండి" అన్నారు.

కింది వాటా వీణ మాస్టారిది ఇంకో బాధ. "దానిమీద గమకం పలకదు కదయ్యా!" ముమ్మాటికీ నిజం. పక్కనుండే పిచ్ బెండ్ చక్రం తిప్పితే స్వరం కాస్త ఊగుతుంది గానీ, ఒక చెయ్యి దానికే అంకితం. "ఇందుకేగా 1940లో హార్మోనియాన్ని ఆలిండియా రేడియో గుమ్మం దాటి రానివ్వంది" అన్నారాయన, ఆ ఉత్తర్వు మీద తానే సంతకం పెట్టినంత తృప్తిగా.

కొట్టులో కుర్రాడు మెట్ల జోలికే రాలేదు. "400 టోన్లు సార్! తబలా, తంబూరా, హెలికాప్టర్ కూడా." నొక్కి చూపించాడు. హెలికాప్టర్ బాగానే ఎగిరింది. తర్వాత రిథమ్ వేసి, ఎడమచేతి వేలొక్కటి ఆనించేసరికి ఆర్కెస్ట్రా మొత్తం లేచింది. "చూశారా సార్, మీకు వచ్చేసినట్టే!" ఏమీ రాకుండానే అన్నీ వచ్చినట్టు కనిపించేవాళ్ళను సర్వీసులో బోలెడుమందిని చూశాను. ఆ విద్యకి డబ్బు పెట్టాలా?

అసలు కిటుకు చెప్పింది మా వీధి చర్చిలో కీబోర్డు వాయించే అబ్బాయి. అతన్ని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. టోన్ల వంక కన్నెత్తి చూడలేదు. ఒకే మెట్టును మెల్లగా ఓసారి, గట్టిగా ఓసారి నొక్కి చెవి ఒగ్గాడు. రెండుసార్లూ ఒకటే మోత. "వద్దంకుల్, దీనికి టచ్ లేదు" అని పక్కదాని దగ్గరికి పోయాడు. అక్కడ మెల్లగా నొక్కితే గుసగుస, గట్టిగా నొక్కితే గద్దింపు. మెట్టు కింద రబ్బరు బుడిపెలో రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి తగిలాక రెండోది ఎంత త్వరగా తగిలిందన్న లెక్కను బట్టి శబ్దం పెరుగుతుంది. అది చూసేది మన బలం కాదు, వేగం. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సులో క్రిస్టోఫోరి పియానో తయారుచేసిందే ఈ హెచ్చుతగ్గుల కోసం. అప్పటిదాకా ఉన్న హార్ప్సికార్డును ఎలా నొక్కినా దాదాపు ఒకేలా మోగేది. టచ్ లేనిది కొనడమంటే డబ్బులిచ్చి మూడొందల ఏళ్ళు వెనక్కి పోవడమే.

టైపు హయ్యరు పాసైనవాణ్ణి గనక నాకిది వెంటనే ఎక్కింది. పాత టైపుమిషను మీద కోపంగా కొడితే ఫుల్‌స్టాపు దగ్గర కాగితానికి చిల్లు పడేది. మా మేనేజరు ఉత్తరం చదవకముందే వెలుతురుకి పట్టి చూసి నా మూడ్ కనిపెట్టేవాడు.

టచ్ ఉన్న 61 మెట్లదే తీసుకున్నాం. స్టాండు వేరే, పెడల్ వేరే, కవరు వేరే. స్టాండు దండగని భోజనాలబల్ల మీద పెడితే మోచేతులు రెక్కల్లా లేచాయి. ముంజేతులు నేలకి సమంగా ఉండాలని ఆ అబ్బాయి కేకలేస్తే స్టాండూ వచ్చింది. ఇరుగుపొరుగు బాగు కోరి హెడ్‌ఫోన్స్ నేనే కొన్నాను. అవి పెట్టుకుంటే బయటివాళ్ళకి మెట్ల టకటక తప్ప ఏమీ వినపడదు.

"పొద్దుటినుంచీ టకటకలేనా? ఇంతకీ ఏం వాయిస్తున్నారు?" అంది మా ఆవిడ.

హెడ్‌ఫోన్స్ తీసి ఆమెకిచ్చి, రెండు చేతులతో సరిగమలు వాయించాను. కాసేపు శ్రద్ధగా విని, తీసి నా చేతిలో పెట్టింది.

"టకటకే నయం."