అరవై లీటర్ల బావ

కల్వకుర్తి నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం రాదు. తూర్పుకు పోతే దేవరకొండ, పడమటికి పోతే జడ్చర్ల, ఉత్తరానికి 80 కిలోమీటర్లు పోతే హైదరాబాదు. దక్షిణానికి పోదామంటే నల్లమల అడ్డం నిలబడుతుంది. సముద్రమట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని రైల్వేస్టేషన్లలో పసుపు బోర్డు ఉంటుంది చూడండి, మాకు ఆపాటి సముద్రం కూడా లేదు. రైలే లేదు కదా.

అలాంటి ఊళ్ళో ఈమధ్య ఒక కొత్త రకం మనిషి తయారయ్యాడు. నెత్తికంటే ఎత్తున్న సంచి వీపు మీద, రబ్బరు చెప్పులు కాళ్ళకు, గవ్వల దండ మెడలో. మూడు రోజులు వరసగా సెలవు వచ్చిందంటే బీచ్‌కు పోతాడు. వెల్దండలో ఒకడున్నాడు, ఆమనగల్లులో ఇద్దరున్నారని విన్నాను. మా ఊరివాడు నాకు వరసకు నిజంగానే బావ. మిగతా ఊరికి అలవాటుకొద్దీ బావ.

బావ ప్రయాణం ఎప్పుడూ మా బస్టాండులోనే రసాభాస అవుతుంది. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమని మహాలక్ష్మి పథకం వచ్చినప్పటినుంచి హైదరాబాదు బస్సులో నిలబడడానికి చోటు దొరికినా అదృష్టమే. అందులోకి ముందు బావ ఎక్కుతాడు, కాసేపటికి సంచి ఎక్కుతుంది. బావ కుడికి తిరిగితే ఎడమవైపు కూర్చున్న పెద్దమ్మ నెత్తిమీది కొంగు సంచి బకిల్‌కు చిక్కుకుని వెంటవస్తుంది. ఆమె తిడుతుంది. బావ ‘సారీ’ అని ఆమె వైపు తిరుగుతాడు. అప్పుడు కుడివైపు వాళ్ళు తిడతారు. కండక్టర్ దూరం నుంచే అడుగుతాడు: “బావా, టికెట్ ఒకటా, రెండా?”

ఆ సంచి కొన్నరోజు ఇంకా గుర్తుంది. బావ దాన్ని వాకిట్లో పెట్టి, ఇంటిల్లిపాదికీ పట్టీలు లాగి చూపిస్తున్నాడు. అవ్వ మంచం మీదనుంచి లేచి వచ్చింది.

“ఎంతది?”

“60 లీటర్లది అవ్వా.”

అవ్వ సంచి మూతి తెరిచి లోపలికి తొంగిచూసింది, వాసన చూసింది. “కొత్తదాన్ల పోస్తే పాలు ఇరుగుతయి. వేడినీళ్ళతోటి కడుగు ముందు” అంది.

సంచిని లీటర్లలో కొలుస్తారని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊరికీ తెలియదు. ఆ రోజునుంచి మా బావ అరవై లీటర్ల బావ.

బావ మొదట చూసిన సముద్రం బాపట్ల దగ్గర సూర్యలంక. డిగ్రీలో ఉండగా నలుగురు మిత్రులతో రాత్రంతా బస్సులు మారి తెల్లవారేసరికి చేరాడు. కల్వకుర్తి పిల్లలకు ఈత రాదనుకునేరు. చెలక బాయిల్లో ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని నేర్చుకున్నవాళ్ళం, గట్టుమీదనుంచి మోకాళ్ళు ముడుచుకుని దూకితే బాయి అడుగు చూసి రావాలి. బావ బట్టలు విప్పి, ఇరవై అడుగులు వెనక్కి పోయి, అరుచుకుంటూ ఉరికి, మోకాళ్ళు ముడిచి గాలిలోకి లేచాడు. సముద్రం అంచున నీళ్ళు చీలమండ లోతే ఉంటాయని మా పుస్తకాల్లో ఎక్కడా రాసి లేదు. మిత్రులు చెప్పినదాని ప్రకారం ‘ధబ్’ మన్న చప్పుడుకు పక్కనున్న పల్లెకారులు వల వదిలి వచ్చారట. తిరుగు ప్రయాణం బాపట్ల నుంచి హైదరాబాదు దాకా నిలబడే చేశాడు. కానీ ఆ పడినపుడే ఒక గుక్క లోపలికి పోయింది. “ఎట్లుంది బావా సముద్రం?” అని అడిగితే ఈ రోజుకూ ఒకటే మాట: “ఉప్పగనే ఉంది గాని, మన బోరు నీళ్ళంత చేదు లేదు.”

ఆ దెబ్బకు ఇంకొకడైతే మానుకునేవాడు. బావకు పట్టుకుంది. ఇప్పుడు మాటతీరే మారింది. “నేను టూరిస్టును కాను, ట్రావెలర్‌ను” అంటాడు. తేడా ఏమిటని అడిగితే, టూరిస్టు విశాఖ ఆర్కే బీచ్‌లో జలాంతర్గామి ముందు నిలబడి ఫొటో దిగుతాడట, ట్రావెలర్ దాన్ని దాటుకుని యారాడ దాకా పోయి కొండమీదనుంచి ఫొటో దిగుతాడట. మొక్కజొన్న కంకి కాల్పించుకుని తింటే టూరిస్టు. అదే కంకి తింటూ అమ్మే ఆమెను ‘ఎన్నేళ్ళనుంచి అమ్ముతున్నవ్ అక్కా’ అని అడిగితే ట్రావెలర్.

గోకర్ణంలో ట్రావెలర్లు దిగేది హాస్టల్లో. మా దగ్గర హాస్టలంటే సంక్షేమ హాస్టలే. బావ ఎనిమిది నుంచి పది దాకా అందులోనే చదివాడు. మంచం మీద మంచం, గదికి ఎనిమిది మంది, పొద్దున బాత్రూం ముందు వరస, గోడమీద నిబంధనలు. సర్కారు అవన్నీ ఊరికే ఇస్తే రెండుసార్లు గోడ దూకి పారిపోయి ఇంటికొచ్చినవాడు ఇప్పుడు అచ్చంగా అవే వాటికి రాత్రికి 700 రూపాయలు కట్టి, ‘అక్కడి వైబే వేరు’ అంటున్నాడు. వార్డెన్ ఒక్కడే తక్కువ.

మరి ట్రావెలర్ సంచిలో బరువు తక్కువ ఉండాలట. రెండు చొక్కాలు, ఒక తువాలు, అంతే. కానీ సంచి అడుగున, బావ సర్దుకున్న తరువాత అవ్వ సర్దిన భాగం ఒకటి ఉంటుంది: జొన్నరొట్టెలు, పల్లీల పొడి, స్టీలు డబ్బాలో మామిడి తొక్కు. ఓం బీచ్ మీద ఒక ఇజ్రాయెల్ కుర్రాడు ఆ తొక్కును జామ్ అనుకుని వేలితో నాకాడట. తరువాత నీళ్ళకోసం ఉరికాడట. ఎదురుగా అన్ని నీళ్ళుండి ఒక్క గుక్క తాగడానికి పనికిరావని ఆ పిల్లవాడికి అప్పుడు తెలిసిందని బావ చాలా తాత్వికంగా చెబుతాడు. డబ్బా మూత వదులై నూనె కారి, తడిస్తే పది నిమిషాల్లో ఆరిపోయే చొక్కా ఒకటి శాశ్వతంగా ఎర్రబడ్డ సంగతి మాత్రం చెప్పడు.

ఊరి పక్కనున్న నీళ్ళంటే ఈ రకం మనుషులకు చిన్నచూపు. కొల్లాపూర్ దగ్గర సోమశిల ఉంది. శ్రీశైలం జలాశయం నిండితే కొండలన్నీ దీవులైపోతాయి, పేపర్లవాళ్ళు మినీ మాల్దీవులని రాస్తారు. బావ పెదవి విరిచి “బ్యాక్‌వాటర్స్” అంటాడు, అదేదో పాచిపోయిన అన్నమైనట్టు. కానీ ఆఫీసువాళ్ళ ముందు మాత్రం అవి తాత ఆస్తి. ఆ గొప్పలకు పోయే ఒకసారి దెబ్బతిన్నాడు. హైదరాబాదులో తోటి ఉద్యోగులు “దిండి పోదామా, హౌస్‌బోట్లుంటాయట” అన్నారు. “మా పక్కూరే, నేను చూసుకుంటా” అన్నాడు బావ. వాళ్ళన్న దిండి కోనసీమలో, గోదావరి పాయ మీద, కొబ్బరిచెట్ల మధ్య ఉంది. బావ చెప్పిన డిండి దుందుభి వాగుకు కట్టిన ప్రాజెక్టు. రెండు కార్లలో పన్నెండు మంది వచ్చి, మే నెల మధ్యాహ్నం, కట్ట మీద నిలబడ్డారు. హౌస్‌బోటు లేదు. నీళ్ళలో నాలుగు బర్రెలు మాత్రం ఉన్నాయి. “కోనసీమది ‘ద’, మనది ‘డ’” అని బావ తెలుగు వ్యాకరణం వివరిస్తుంటే ఎవరూ వినలేదని ఆయనకు ఇంకా కోపం.

అన్నిటికంటే పెద్దది అండమాన్ యాత్ర. విశాఖలో ఓడ ఎక్కితే దాదాపు మూడు రోజులు. విమానం టూరిస్టులకు కాబట్టి బావ ఓడెక్కాడు. ఆ మూడు రోజుల గురించి ఆయన ఫోన్లో ఒక్క ఫొటో కూడా లేదు, తల ఎత్తితే కదా. హ్యావ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురమైంది. బావ నోటికి ఇంకా పాత పేర్లే. శ్రీ విజయపురం పోయొచ్చానంటే కర్నూలు దగ్గర ఏదో పల్లెకు పెళ్ళికి పోయాడనుకుంటారని ఆయన భయం.

సరే, దిగాడు. మనవాళ్ళెవరూ లేని చోటు, మనల్నెవరూ ఎరగని చోటు, అదే కదా ఈ తిరుగుడంతటికీ కారణం. చేపల రేవు దగ్గర ఒక ముసలాయన పడవ కడుగుతూ ఈయన ఫోన్లో మాట్లాడేది విన్నాడు. శ్రీకాకుళం నుంచి పోయి అక్కడ స్థిరపడినవాళ్ళు బోలెడంతమంది.

“తెలుగోడివా బావూ? ఏ ఊరేటి?”

“హైదరాబాద్” అన్నాడు బావ. బయట ఎక్కడికి పోయినా ఈ రకం మనిషి ఊరు హైదరాబాదే.

“హైదరాబాదులో ఏ ఊరు?”

“...కల్వకుర్తి.”

ముసలాయన చేతిలో చీపురు ఆగిపోయింది. “అన్నగారిని ఓడించీసిన ఊరేటి?”

1989 నాటి మాట. ఎన్టీఆర్ మా దగ్గర పోటీచేసి కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయాడు. అప్పటికి బావ పుట్టనే లేదు. బంగాళాఖాతం దాటి వచ్చి, ఒక దీవిలో నిలబడి, ఆ ఓటమికి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. ముసలాయన అంతా విని, చేప ధర ఒక్క రూపాయి తగ్గించలేదట.

ఏ యాత్రనుంచి తిరిగొచ్చినా వారం రోజులు బావ నల్లబడ్డ చేతులు అందరికీ చూపిస్తాడు, దానికి ‘టాన్’ అని పేరు. వాళ్ళ నాయిన ఒకసారి చూసి, “చెలకల నిలబడితే పైస లేకుండ అయితుండె” అన్నాడు. సంచి ఉతకడం అవ్వ పని. ఒకసారి జేబులు ఒక్కొక్కటే తిప్పి దులుపుతుంటే బండమీద సన్నని ఇసుక కుప్పపడింది. అవ్వ దాన్ని చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది.

“యాడిదిరా?”

“గోకర్ణానిదవ్వా.”

“మన దుందుభి ఇసుక లారీలకు లారీలు పట్నం పోతుంటే, నువ్వు బస్సెక్కి పోయి గోకర్ణం నుంచి తెస్తున్నవా? గిది గోడకు కూడ పట్టదు.”

నాయిన సంగతి వేరే. ఆయన సముద్రం చూడనివాడు కాదు. పాలమూరు లేబరంటే దేశంలో తవ్వని కాలువ లేదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, సద్దిమూట చంకన పెట్టుకుని, బొంబాయి బస్సెక్కి పోయినవాళ్ళలో ఆయనొకడు. ఆరేళ్ళు అక్కడ మట్టిపని, అందులో ఒక ఎండాకాలమంతా సముద్రం పక్కనే రోడ్డు పని. బావకు ఈ మాట ఎప్పుడో సూర్యలంక పోయొచ్చిన చాలా ఏళ్ళకు తెలిసింది.

“ఎప్పుడన్న దిగినవా నాయినా నీళ్ళల్ల?”

“దిగితే మేస్త్రీ నాగా రాసేటోడు.”

మొన్న ఆగస్టులో బావ హంసలదీవి పోయొచ్చాడు. కృష్ణ వరద మీదుంది. ఎర్రనీళ్ళు నీలం నీళ్ళలోకి దూసుకుపోయే చోట నిలబడి వీడియో తీశాడు. వెనక ఫ్లూటు పెట్టాడు, సూర్యాస్తమయం రంగు ఇంకాస్త పెంచాడు. ఇంటికొచ్చి నాయినకు ఫోను ఇచ్చాడు. నాయినకు నాలుగెకరాలుంది, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువ కింద. ఎల్లూరు దగ్గర ఒకసారి, జొన్నలబొగుడ దగ్గర ఒకసారి, గుడిపల్లిగట్టు దగ్గర ఒకసారి, మూడుసార్లు ఎత్తిపోస్తే గాని ఆ కృష్ణ నీళ్ళు మా వైపు రావు. వచ్చినప్పుడు కూడా రాత్రి పూట టార్చి పట్టుకుని తూము దగ్గర కాపలా ఉండాలి.

నాయిన వీడియో ఒకసారి చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“యాడిది?”

“హంసలదీవి. కృష్ణ ఈడనే సముద్రంల కలుస్తది.”

“మన కృష్ణనేనా?”

“మనదే.”

మూడోసారి చూశాడు. బావ ఫ్లూటు వినపడేట్టు సౌండు పెంచాడు. నాయిన దాన్ని తగ్గించాడు.

“రోజుకు ఎన్ని టీఎంసీలు పోతున్నయట?”

బావ దగ్గర జవాబు లేదు. నాయిన ఫోను తిరిగిచ్చేశాడు.

“గంత దూరం పోయినోనివి, గా ఒక్క ముచ్చట అడిగి రాకపోతివా?”