ఉపగ్రహ సందేశం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

కోలాచలం మల్లినాథ సూరి మన మెదకు సీమవాడు. యక్షుడు మేఘుడి చేత భార్యకు కబురు పంపిన కావ్యానికి సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. ఆయన సుఖపడ్డాడు. మేఘం ఏ కొండ మీద ఆగాలో, ఏ నది నీళ్ళు తాగాలో కవే శ్లోకాల కొద్దీ వివరంగా చెప్పి పెట్టాడు. మన మూలకర్త్రికి మేఘం లేదు. భూమి చుట్టూ తిరిగే 66 ఇరిడియం ఉపగ్రహాలున్నాయి, గుప్పెట్లో ఇమిడే గార్మిన్ యంత్రం ఉంది, సందేశానికి 160 అక్షరాల హద్దు ఉంది.

మూలకర్త్రి ఈ వ్యాఖ్యాత కూతురు. అమెరికాలో ఎమ్మెస్ చేసి, ఉద్యోగంలో చేరి, ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టి, అపలాచియన్ ట్రెయిల్ అనే కాలిబాట పట్టింది. జార్జియాలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ మీద ముగిసే బాట అది. 14 రాష్ట్రాలు, సుమారు 2,200 మైళ్ళు. కిలోమీటర్లలో 3,500 దాటుతుంది. బెంటన్ మకాయ్ అనే అటవీ నిపుణుడు 1921లో ప్రతిపాదిస్తే 1937కి పూర్తయింది. అక్కడివారు దీన్ని బాట అంటారు గాని, లక్షణాలు చూస్తే ఇది 14 ఆశ్వాసాల ప్రబంధం. ప్రస్తుతం నాలుగోదైన వర్జీనియా నడుస్తోంది. దాదాపు 550 మైళ్ళు, మొత్తంలో నాలుగో వంతు, అన్నిటిలోకీ పెద్దది. ఇక్కడికొచ్చేసరికి నడిచేవాళ్ళకి ఒక దిగులు పట్టుకుంటుందట, దాన్ని వర్జీనియా బ్లూస్ అంటారు. ఇంట్లో కూర్చుని చదివేవాళ్ళ దిగులుకు ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు.

మూలం

బాగున్నాను. ఇవాళ 18 మైళ్ళు. వాన.
షెల్టర్ దొరికింది. రేపు నీరో, ఎల్లుండి జీరో.
బాక్స్ అందింది. ఎలుగు కనిపించింది, పెద్దది కాదు.
అమ్మకి చెప్పొద్దు. – గన్‌పౌడర్

ఛందస్సు

మూలం భాష తెలుగు, లిపి ఇంగ్లీషు. తెలుగు లిపిలోకి ఎత్తి, పాదాలుగా విరిచింది వ్యాఖ్యాత. ఏ గణాలకూ లొంగదు. ప్రాస లేదు. యతి ఉంది గాని అది కవి చేతిలో లేదు: వేసవిలో ఆకులు కమ్మేస్తాయి గనుక ఈ బాటకు పచ్చ సొరంగమని మారుపేరు, యంత్రానికి ఆకాశం కనబడేదాకా సందేశం చెట్టు కిందే ఆగిపోతుంది. నియమం ఒక్కటే, 160 అక్షరాలు దాటకూడదు. మూలకర్త్రి కొట్టిన ఇంగ్లీషు అక్షరాలను ఖాళీలతో సహా లెక్కపెట్టగా ఇంకా ఆరింటికి చోటు మిగిలింది. ‘నాన్న’ అనడానికి ఆ లిపిలో అయిదు చాలు. ఆ అధ్యాహారాన్ని వ్యాఖ్యాత తానే పూరించుకున్నాడు.

ప్రతిపదార్థం

బాగున్నాను = క్షేమంగా ఉన్నాను (అని తండ్రి); ఏదో దాస్తున్నాను (అని తల్లి);
ఇవాళ 18 మైళ్ళు = 29 కిలోమీటర్లు; అనగా గుంటూరు నుంచి తెనాలి దాకా, ఆపైన ఇంకాస్త, వీపున మూటతో, కొండలెక్కి దిగుతూ;
వాన = తడిశాను;
షెల్టర్ = మూడు గోడల చెక్కపాక;
దొరికింది = ఇతరులకంటే ముందు చేరాను;
నీరో = నాలుగైదు మైళ్ళే నడిచి ఊరు చేరుకునే రోజు;
జీరో = ఒక్క మైలూ నడవని రోజు; అనగా తలస్నానం, బట్టలుతుకు, పిజ్జా;
బాక్స్ = న్యూజెర్సీ పిన్ని తపాలాలో పంపిన పెట్టె;
ఎలుగు = అమెరికా నల్ల ఎలుగుబంటి;
పెద్దది కాదు = పెద్దదే;
అమ్మకి చెప్పొద్దు = అమ్మకి నువ్వే చెప్పు, మెల్లగా;
గన్‌పౌడర్ = దీని సంగతి ముందు చెబుతాం.

తాత్పర్యం

మూలకర్త్రి క్షేమం. ఒళ్ళు తడిసింది, కడుపు నిండింది, ఎలుగు వచ్చి వెళ్ళింది.

విశేషాలు

*షెల్టర్ దొరికింది.* బాట పొడవునా ఇలాంటి పాకలు 250కి పైగా ఉన్నాయి. మూడు వైపుల చెక్క, నాలుగోవైపు అడవి. తలుపే లేనప్పుడు గడియ ఎలా పెట్టుకుంటుందని తల్లిగారి ప్రశ్న. లోపల నలుగురైదుగురు వారం రోజుల చెమటతో పడుకుని ఉంటారు, ఆ వాసనకి దొంగలు రారు, వస్తే ఎలుకలే వస్తాయి అని తండ్రి సమాధానం. దీనివల్ల ప్రశ్నలు పెరిగాయే గాని తగ్గలేదు.

*రేపు నీరో.* తల్లిగారి ప్రతిలో ‘రేపు నీరు’ అని పాఠం. రేపు నీరంటే ఇవాళ లేదని అర్థాపత్తి. పిల్ల దాహంతో అలమటిస్తోందని ఫలితార్థం. ముందు పాదంలో వాన ఉంది కదా అంటే, వాన నీళ్ళు కాచకుండా ఎలా తాగుతుంది అని ఖండన. ఇందులో శాస్త్రం లేకపోలేదు. అక్కడి వాగుల్లో జియార్డియా అనే పరాన్నజీవి ఉంటుంది, అందుకే నడిచేవాళ్ళు చాలామంది వడపోత పరికరం వెంట ఉంచుకుంటారు. రోమను చక్రవర్తి ప్రస్తావన అని పక్కింటి చరిత్ర మాస్టారి పాఠం. అది ప్రక్షిప్తం.

*గన్‌పౌడర్.* ఈ బాట మీద అసలు పేర్లు చెల్లవు. తోటివాళ్ళు ఒక ట్రెయిల్ నేమ్ తగిలిస్తారు, దాంతోనే పిలుస్తారు. మన పిల్ల నూడుల్స్ మీదా, వేన్నీళ్ళలో కలిపిన బంగాళదుంప పొడి మీదా ఇడ్లీ కారప్పొడి చల్లుకు తినడం చూసి, ఒక్క చిటికె రుచి చూసి, కళ్ళనీళ్ళు తుడుచుకుని ఈ బిరుదు ఇచ్చారు. బారసాలనాడు బియ్యంలో రాసిన పేరు ఆ అడవిలో ఎవరికీ తెలియదు. విమానాశ్రయంలో మాత్రం ఈ బిరుదనామాన్ని ఉచ్చరించవద్దని తండ్రి మనవి.

*బాక్స్ అందింది.* అక్కడి పోస్టాఫీసులో జనరల్ డెలివరీ అనే ఏర్పాటుంది. పేరు రాసి పంపితే మనిషి నడిచి వచ్చి తీసుకునేందుకు పెట్టెను కొన్నాళ్ళు ఉంచుతారు. ఇందులో అటుకులు, పులిహోర పేస్టు, ఉప్మా పొట్లాలు, కారప్పొడి. వీటి అడుగున, తల్లిగారి ఆజ్ఞ మీద పిన్ని రహస్యంగా దూర్చిన ఆవకాయ. నడిచేవాళ్ళు ప్రతి వస్తువునీ ఔన్సుల్లో తూచుకుంటారు, బరువనిపించింది హాస్టల్లో ఉండే హైకర్ బాక్స్‌లో వదిలేస్తారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు. అదిగాక, ముక్కూ మొహం తెలియనివాళ్ళు రోడ్డు దాటే చోట పళ్ళూ కూల్‌డ్రింకులూ పెట్టి వెళ్తుంటారు. దాన్ని ట్రెయిల్ మ్యాజిక్ అంటారు. మన చలివేంద్రం లాంటిది. ఆవకాయ హైకర్ బాక్స్‌కి చేరిందా, కడుపుకి చేరిందా అన్నది మూలంలో లేదు.

సంగతి విచారం

‘బాక్స్ అందింది’ అన్న వాక్యం వెనుకనే ‘ఎలుగు కనిపించింది’ అని రావడం యాదృచ్ఛికమా, కార్యకారణమా? కాకతాళీయ న్యాయమని తండ్రి. తల్లి ధూమాగ్ని న్యాయం పట్టుకున్నది: ఎక్కడెక్కడ ఆవకాయో అక్కడక్కడ ఎలుగు. ఎలుగుకు ఘ్రాణశక్తి మహా ఎక్కువ గనుకనే తిండిని రాత్రిపూట తాళ్ళతో వేలాడదీస్తారు. అది చాలదు, మూత బిగిసే డబ్బాలు మోసుకెళ్ళమని ట్రెయిల్ నిర్వాహకులు గట్టిగా చెబుతున్నారు. కనుక ఈ వాదంలో తల్లిగారిదే పైచేయి. కానీ తన ఆవకాయే కారణమని నిరూపణ కాగానే ఆవిడ పక్షం మార్చి, తానూ కాకతాళీయమే అన్నది.

ఎలుగు జాతి విషయంలో కూడా భేదం ఉంది. తల్లిగారి పుట్టిల్లు సోంపేట. ఉద్దానం జీడితోటల్లో ఎలుగు మీదపడిన వార్తలు వింటూ పెరిగిన మనిషి. మన ఎలుగుకు చూపు మందం, దగ్గరికొచ్చేదాకా తెలియక ఉలిక్కిపడి మీదపడుతుంది. అమెరికా నల్ల ఎలుగు మాత్రం సాధారణంగా మనిషి అలికిడి వింటే తనే తప్పుకుంటుంది. ఎదురైతే వెన్ను చూపి పరుగెత్తకూడదు, నిలబడి గట్టిగా అరవాలి. గట్టిగా అరవడంలో పిల్లది తల్లి పోలికే. అందుచేత తండ్రికి భయం లేదు.

చిత్రకవిత్వం

మూలానికి బొమ్మ కూడా ఉంది. యంత్రం పది నిమిషాలకోసారి తన చోటు చెబుతుంది, పటం మీద చుక్క పడుతుంది. వర్జీనియాకీ మనకీ ఈ కాలంలో తొమ్మిదిన్నర గంటల తేడా. అక్కడ రాత్రి ఏడింటికి పిల్ల నడుం వాలిస్తే ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. తల్లిదండ్రులు లేచి కాఫీ కలుపుకుని ఫోను తెరిచేసరికి చుక్క కదలదు. మధ్యాహ్నం భోజనాల వేళకీ కదలదు. చుక్క కదలకపోవడం నిద్రకు లక్షణమని తండ్రి, కాలు విరిగిన దానికి కూడా అదే లక్షణమని తల్లి. లోయల్లో సిగ్నల్ చెదిరి చుక్క ఒక్కోసారి బాట పక్కకు జరుగుతుంది. ఒకసారి నదిలో పడింది. నది వెడల్పు, లోతు, ప్రవాహవేగం తండ్రి వెతికి పట్టుకునేలోపు చుక్క అవతలి గట్టున ఉంది, పొడిగా.

పూర్వపక్షం

బంధువుల ఆక్షేపణలు మూడు.

ఒకటి: ఏం మొక్కుకుంది? అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కితే కొండ మీద స్వామి ఉన్నాడు. ఉగాదికి కన్నడ భక్తులు రోజుల తరబడి నడిచి శ్రీశైలం వస్తే మల్లన్న ఉన్నాడు. నెలల తరబడి నడిస్తే చివర ఏముంది? 5,267 అడుగుల కొండ, దాని మీద ఒక చెక్క బోర్డు. సమాధానం: కటాడిన్ అక్కడి పెనాబ్‌స్కాట్ ఆదివాసులకు పవిత్రమైన కొండ. దాని కావలిదేవత పమోలా. తల మూస్ అనే పెద్ద దుప్పిది, రెక్కలు డేగవి. ఈ మాట చెప్పిన దగ్గర్నుంచి పెద్దమ్మలు శాంతించి, ఏ వారం మంచిదని అడుగుతున్నారు.

రెండు: ఆడపిల్ల ఒక్కతే? సమాధానం: ఎమ్మా గేట్‌వుడ్. 1955లో ఆవిడకు 67 ఏళ్ళు, పదకొండుమంది పిల్లల తల్లి. అలా నడిచి వస్తానని పిల్లలకు చెప్పి, క్యాన్వాస్ బూట్లు తొడుక్కుని, చేత్తో కుట్టిన సంచి భుజాన వేసుకుని, వానకు స్నానాలగది తెర ఒకటి పట్టుకుని ఈ బాటంతా ఒక్కతే నడిచేసింది. అక్కడ తల్లి నడిస్తే పిల్లలు వెనక మిగిలారు. ఈ దృష్టాంతం విన్న తల్లిగారు, నాకు ఇంకా 67 రాలేదు అన్నారు. ఆ మాటకు వ్యాఖ్య రాయడానికి వ్యాఖ్యాతకు ధైర్యం చాలలేదు.

మూడు: ఉన్న ఉద్యోగం ఎందుకు వదిలినట్టు? ఈ బాటను ఒకే దఫాలో మొదట నడిచినట్టు నమోదైనవాడు ఎర్ల్ షాఫర్, 1948లో. యుద్ధం నుంచి తిరిగొచ్చి, ఆ యుద్ధాన్ని ఒంట్లోంచి నడిచి వదిలించుకోవాలని బయల్దేరాడు. మన పిల్ల దేన్ని వదిలించుకోవాలనుకున్నదో మూలంలో లేదు. మూలంలో లేనిది రాయకూడదన్నది మల్లినాథుడు పెట్టుకున్న నియమం. వ్యాఖ్యాత ఆ ప్రశ్నను అడగలేదు, అడగడు.

సిద్ధాంతం

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, ఎక్కడ బావి ఉంది, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ దారి బాగాలేదు అన్నీ రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చాడు. 1838లో అచ్చయిన ఆ పుస్తకానికి ఇలాంటి వ్యాఖ్య అక్కర్లేదు. అంతా ఆయనే చెప్పాడు. మూలం ఎంత కురచైతే వ్యాఖ్య అంత పొడుగు. మనం రాసుకునే టీకలో పిల్ల సంగతులు చారెడు, మన సంగతులు పుట్టెడు.

‘అమ్మకి చెప్పొద్దు’ అన్నది ఇక్కడ కీలకం. ఈ సందేశం తండ్రికంటే ముందు తల్లి ఫోనుకే చేరింది. చేరవలసిన జాబితాలో ఇద్దరి నంబర్లూ పెట్టింది మూలకర్త్రే. అమ్మకి చెప్పొద్దని అమ్మకే చెప్పడం విరోధాభాసం. ఎలుగు వెళ్ళిపోయింది, నేను నవ్వుతున్నాను, నువ్వూ నవ్వు అని ధ్వని.

ప్రత్యుత్తరం విషయంలో శిష్టాచారం ఇలా ఉంది. తండ్రి నల్ల ఎలుగు స్వభావం మీద మూడు సందేశాలు పంపాడు. మూడోది సగంలో తెగింది. ఇంతసేపూ పాఠభేదాలతో, అర్థాపత్తులతో, అనుమాన ప్రమాణాలతో వాదించిన తల్లి ఇలా రాసింది: ‘ఎలుగుకి ఆవకాయ పెట్టకు. నువ్వు తిను.’ పిల్ల దగ్గర్నుంచి నవ్వే బొమ్మ వచ్చింది, ఆమెకే. కనుక నిర్ణయం: వ్యాఖ్య ఎంత పెద్దదైనా ఇంట్లో రాసుకోవచ్చు, బాట మీదికి పంపకూడదు. ఔన్సులు తూచుకుని నడిచేవాళ్ళ మూటలో మన భయానికి చోటుండదు. బాగున్నాను అంటే బాగున్నాను.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను ఉదయం చదివినవారు చుక్క కదల్లేదని అమెరికా పోలీసులకు ఫోను చేయరు. మధ్యాహ్నం చదివినవారి పెట్టెలు అరకిలో తేలికవుతాయి. రాత్రి చదివినవారికి నదులు కలలోకి రావు. పెళ్ళి సంగతి 160 అక్షరాల్లో పట్టదని గ్రహించినవారు జీవన్ముక్తులు.

గద్య

ఇది గుంటూరు పురవాస, పింఛనుదార, ప్రాతఃకాల చుక్కాన్వేషణ తత్పరుండగు తండ్రిచే రచియింపబడి, సోంపేట ఆడపడుచుచే అడుగడుగున ఖండింపబడిన ఉపగ్రహ సందేశ వ్యాఖ్యయందు వర్జీనియా యను చతుర్థాశ్వాసము సమాప్తము. తరువాతిదగు పశ్చిమ వర్జీనియాశ్వాసము నాలుగైదు మైళ్ళదే గాన, దాని వ్యాఖ్యయు అంతే ఉండవలెనని తల్లిగారి ఉత్తరువు.