కునుకు డ్రైవర్లకు, జాగారం అభిమానికి!

జూన్ వస్తే ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో 24 గంటల కారు రేసు. ఒక్కో చుట్టు 13.626 కిలోమీటర్లు. టికెట్టు కొని కంచె పట్టుకుని నిలబడ్డ అభిమానికి తన కారు మూడున్నర నిమిషాలకోసారి రెప్పపాటు కనిపిస్తుంది. మిగతా రేసంతా చెవులతో చూసుకోవాల్సిందే.

కారుకు ముగ్గురు డ్రైవర్లు. ఒకరు తోలుతుంటే ఇద్దరు హాయిగా నడుం వాలుస్తారు. అభిమానికి మాత్రం మారుమనిషి లేడు. వానైనా, బురదైనా ఒక్కడే లాగించాలి. అసలైన ఓర్పు పందెం కంచెకు ఇవతలే!

2024లో వాన దెబ్బకు నాలుగు గంటలకు పైగా కార్లన్నీ వేగానికి పగ్గం వేసే సేఫ్టీ కారు వెనక బుద్ధిగా నడిచాయి. గంటకు 300 కిలోమీటర్ల వేగం చూద్దామని వచ్చినవాళ్లు ఊరేగింపు చూసి తరించారు.

2016లో ముందున్న టయోటా, ఇంకో మూడు నిమిషాలుందనగా చతికిలపడింది. కప్పు పోర్షే ఎగరేసుకుపోయింది. ట్రాఫిక్ తప్పించుకుందామని ఆ కాస్త ముందే పార్కింగుకు పరిగెత్తిన తెలివైనవాడెవడైనా ఉంటే, దాదాపు 24 గంటలూ చూశాడు గానీ రేసు మాత్రం చూడలేదు!