కుబ్జకు క్యాష్‌లెస్

మథురాపుర వీథిలో చందనపు గిన్నె చేతబట్టుకొని పోవుచున్న కుబ్జను శ్రీకృష్ణుడు ఎదుర్కొని, తన పాదములతో ఆమె పాదములను త్రొక్కిపట్టి, రెండు వ్రేళ్లు గడ్డము క్రింద నుంచి పైకెత్తి, మూడు వంకరలు తిరిగిన ఆ మేనును క్షణములో సరిచేసెనని భాగవతము చెప్పుచున్నది. ఈ కథను చిన్ననాటినుండి హరికథలలో విని భక్తితో తల యూచినవాడనే గాని, అందులోని అద్భుతము ఎక్కడ నున్నదో మొన్నమొన్నటివరకు నాకు తెలియలేదు. వెన్ను సరియగుట అద్భుతము కాదు, ముందస్తు అనుమతి లేకుండ, ఆధార్ నకలు లేకుండ, "ఈ వంకర నీకెన్నేండ్లనుండి యున్నది?" అను ప్రశ్న లేకుండ సరియగుట అద్భుతము. అదే చికిత్స నేడు జరిగి కుబ్జ బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టుకొన్నచో, ఇరువదినాలుగు గంటలు ఆస్పత్రి పడకపై లేదు గనుక ఒకటి, వైద్యుడు నెట్‌వర్కు జాబితాలో లేడు గనుక రెండు, వైకల్యము పాలసీకి పూర్వమే యున్నది గనుక మూడు, ఇట్లు వంకరకొక కారణము చొప్పున చూపి ఆమె కాగితములను త్రిప్పి పంపియుందురు.

నాకీ జ్ఞానము ప్రసాదించినవాడు మా మేనమామ. కోసిగిలో రైలుస్టేషను త్రోవలో చిల్లర అంగడి పెట్టుకొని కాలము గడుపుచున్న పెద్దమనిషి. అంగడికి పూర్వము ఇరువదియేండ్లు ఆదోని మార్కెట్టు యార్డులో మూటలు మోసినవాడు. కొడుకు బెంగళూరులో ఉద్యోగమున కుదురుకొని, పితృఋణము తీర్చుకొను మార్గములలో మిక్కిలి నాగరికమైనదాని నెన్నుకొని, 2022 ఏప్రిల్‌లో తల్లిదండ్రుల పేర ఆరోగ్య బీమా పాలసీ తీసెను. ఆనాటినుండి మా మామ నడకలో ఒక ధీమా ప్రవేశించినది. సర్కారు కార్డు చేతబట్టుకొని వరుసలో నిలుచున్నవారిని చూచి జాలిపడుట గూడ నేర్చెను. (కార్డు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీగా పుట్టిన ఆ పథకము పిమ్మట ఎన్టీఆర్ వైద్యసేవయై, వైఎస్సార్ ఆరోగ్యశ్రీయై, మరల ఎన్టీఆర్ వైద్యసేవయై, రోగి వెన్నుపూసకంటె తరచుగా పేరు జారవిడుచుకొనుచున్నది. అయినను దానికొక సుగుణము కలదు: నీ నొప్పి ఏ సంవత్సరమునాటిదని అది అడుగదు.) ప్రీమియముతోపాటు నూటికి 18 చొప్పున జీఎస్టీ గూడ నాలుగుసార్లు చెల్లినది. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ పన్ను ఎత్తివేసినారు. మా మామ నడుము ఆగస్టులోనే కూలినది. ఆయన మొదటినుండియు తొందరపాటు మనిషి.

కూలుటకు పెద్ద ఘట్టమేమియు అక్కరలేకపోయినది. అంగడిలో ఇరువదియైదు కిలోల బియ్యపు సంచి జరుపబోయి వంగినవాడు వంగినట్లే నిలిచిపోయెను. కుడికాలి మడమదాక మెరుపు ప్రాకినట్లైనదట. ఆదోనిలో ఎమ్మారై తీయించగా, నడుములోని నాలుగవ పూసకును అయిదవ పూసకును మధ్యనున్న డిస్కు జారి నరమును నొక్కుచున్నదని తేలెను. కర్నూలులో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసికొనిపోతిమి.

రాత్రి పదిగంటలవేళ, స్ట్రెచ్చరుపై ప్రక్కకు తిరిగి పండుకొనియున్న మా మామను, నిద్రలేమితో కన్నులెర్రబారిన చిన్న డాక్టరొకడు కేసుషీటు అట్టమీద పెట్టుకొని అడిగెను.

"నొప్పి ఎన్నాళ్లనుంచి ఉంది పెద్దాయనా?"

"యా కాలమునుంచో ఉండాది సార్. మూటలు మోసిన నడుము, నొయ్యకుండా ఉంటాదా?"

"అట్లా కాదు, సుమారుగా ఒక లెక్క చెప్పు."

"ఒక పదేండ్లు ఏసుకో సార్."

ఏసుకొమ్మనెను, ఆయన ఏసుకొనెను. ఆ నీలిసిరా పంక్తి పొడవు నా బొటనవ్రేలంత; దాని ఖరీదు 3,12,000 రూపాయలు. మూడవనాడు ఆపరేషను జరిగినది, పదియవనాడు మామ కఱ్ఱ ఊతతో నడచెను, రెండవ నెలలో బీమా కంపెనీవారి లేఖ వచ్చెను. కేసుషీటునుబట్టి మీకు పదియేండ్లుగా నడుమునొప్పి కలదనియు, పాలసీ తీసికొనునపుడు ఆ ముఖ్యవిషయమును దాచినారనియు, కావున చెల్లింపజాలమని చింతించుచున్నామనియు దాని సారాంశము. చింతించుట మాత్రము లేఖలో రెండుచోట్ల కలదు.

రాయలసీమవాని నోట "పదేండ్లు" అనునది సంఖ్య కాదని, అది ఒక అలంకారమని ఆ కంపెనీవారికి ఎవరు చెప్పవలెను? మా ఊర "వాన పడి పదేండ్లాయె" అన్నవాడు నిరుడు పడిన చినుకులను లెక్కలోనికి తీసికొనలేదని అర్థము. "నిన్ను చూసి పదేండ్లాయె అల్లుడూ" అన్న మామ నన్ను మొన్న సంతలో చూచినవాడే. ఈ అతిశయోక్తిని ఆంగ్లములోనికి దింపి, సంతకము పెట్టించి, ముద్రవేసి, ఒక మనుష్యుని నలుబదినెలల నమ్మకముమీద సాక్ష్యముగా నిలుపుట మన కాలపు అలంకారశాస్త్రములో క్రొత్త అధ్యాయము.

పాలసీ పుస్తకమును అప్పుడు తెఱచితిని. అది వామనావతార ఘట్టము. మొదటి అడుగు 24 నెలలు: డిస్కు జారుట మొదలగు వెన్ను వ్యాధులకు, ప్రమాదమువలన కలిగినవి తప్ప, అంతవరకు ఏమియు దక్కదు. రెండవ అడుగు 36 నెలలు: ముందే చెప్పుకొన్న పూర్వవ్యాధులకు అంతవరకు నిరీక్షణ, 2024 ఏప్రిల్‌కు ముందు ఇది 48 దాక ఉండెను. మూడవ అడుగు 60 నెలలు: అవి నిండినపిదప, మోసము ఋజువైన గాని, నీవు దాచినావను మాట ఎత్తరాదు. మా మామ రెండడుగులను దాటి మూడవదాని క్రింద చిక్కెను. బలిచక్రవర్తి తల చూపెను. మావాడు నడుము చూపెను, అదియు కుట్లతో.

ఇందులో "ప్రమాదమువలన తప్ప" అను మాట నన్ను చాలకాలము వేధించినది. ఒక్క మూట ఒక్కనాడు మీదపడి నడుము విరిగిన అది ప్రమాదమట. ఇరువదియేండ్లు దినమునకు నూరు మూటలు మోసి విరిగిన అది వ్యాధియట. కోసిగి, మంత్రాలయము, ఆదోని ప్రాంతములనుండి ఏటేట పల్లెలకు పల్లెలు ఇండ్లకు తాళములు వేసి సుగ్గికి పోవుచున్నవి. గుంటూరు సీమ మిరపచేలలో తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు వంగి కాయ కోసి, పిల్లలను చదువు మాన్పించి వెంట త్రిప్పుకొని, కోతలు ముగిసినపిదప మరల ఊరు చేరుకొనుచున్నవి. వారినెవరిని పిలిచి అడిగినను నొప్పి యా కాలమునుంచో ఉండాదనియే చెప్పుదురు. ఈ లెక్కను మా ఊరంతటికి పూర్వవ్యాధి కలదు. దాని పేరు కరవు. పాలసీ దరఖాస్తులో దానికి గడి లేదు.

అప్పీలు మొదట కంపెనీవారి ఫిర్యాదుల అధికారికే చేయవలెను. ఇది తీర్పు చెప్పినవాని అన్నకు అప్పీలు చేయుటవంటిది. అయినను శాస్త్రము శాస్త్రమే. ఉచిత దూరవాణికి మాటలాడుదమని మామ పట్టుబట్టెను. పావుగంట వీణానాదము వినిపించినపిదప ఒక తియ్యని గొంతు "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది" అనెను. మామ ముఖము వికసించినది.

"కాలు బాగుండాది తల్లీ, నడుము సంగతి సూడు" అనెను.

ఆమె మరల అదియే చెప్పెను. మామ మరల నడుము సంగతి చెప్పెను. మూడవమారు ఫోను నేను తీసికొంటిని.

పిదప లేఖ వ్రాసితిని. పూర్వవ్యాధి యన్నచో, పాలసీకి ముందు నిర్దిష్టకాలములో వైద్యుడు నిర్ధారించినది గాని, వైద్యసలహా లేక చికిత్స పొందినది గాని కావలెనని పాలసీలోనే నిర్వచనము కలదు. మా మామ నడుమును 2025 ఆగస్టునకు ముందు చూచిన వైద్యుడు లేడు. ప్రతి అమావాస్యకు కర్పూరము కలిపిన నూనెతో మర్దించినది మా అత్త. ఆమె హస్తవాసి మంచిదని వీథివారందరు నొప్పుకొందురు గాని, పట్టా లేదు. 2015లో సుప్రీంకోర్టు ఎల్‌ఐసీకి సంబంధించిన ఒక దావాలో, పాలసీదారుడు నడుమునొప్పిని, అనగా లంబార్ స్పాండిలైటిస్‌ను, చెప్పకపోయినను గుండెపోటుతో మరణించినందున ఆ నొప్పిని సాకుగా చూపి సొమ్ము ఎగవేయరాదని తీర్చినది. మా కేసునకు అది సరిగా అతుకదని తెలిసియే ఉదాహరించితిని. నడుమునొప్పి యన్నది ఈ దేశములో ప్రాణాంతకమైన రహస్యము కాదని అత్యున్నత న్యాయస్థానము గుర్తించుట కంపెనీవారు చదువుకొనవలసిన సంగతి. ఆపరేషను చేసిన సర్జనుచేత, ఈ డిస్కు జారుట క్రొత్తగా సంభవించినదని ధ్రువపత్రము వ్రాయించి జతచేసితిని. 2024 మే 29 నాటి బీమా నియంత్రణ సంస్థ ఉత్తర్వు ప్రకారము క్లెయిముల సమీక్షా సంఘము ఒప్పిన గాని ఏ క్లెయిమును తిరస్కరించరాదు గనుక, ఆ సంఘము కూర్చుండి "ఏసుకో సార్" అను వాక్యమునకు చేసిన వ్యాఖ్యానము మాకు పంపవలెనని గూడ కోరితిని.

జవాబు వచ్చినది. పునఃపరిశీలించితిమి, చింతించుచున్నాము.

ఇక మిగిలినది బీమా అంబుడ్స్‌మన్. ఆ పేరు వినగానే మామ చేతులు జోడించి, "ఆ అంబుడుసామి గుడి యాడుండాది?" అనెను. హైదరాబాదు లక్డికాపూల్ ప్రాంతమునని చెప్పితిని. ఇంటి ప్రక్కనే మంత్రాలయము పెట్టుకొని అంత దూరపు దేవునికి మ్రొక్కుట ఆయనకు రుచింపలేదు గాని, స్వామి లక్షణములు వినిన పిదప మెత్తబడెను. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, తెచ్చినను రానీయరు, 50 లక్షల వరకు వ్యవహారము విచారించును, కాగితములన్నియు చేరిన మూడు నెలలలో తీర్పు చెప్పవలెను, ఆ తీర్పును కంపెనీ 30 దినములలో అమలుపరుపనిచో, ఆపై దినమునకు 5,000 రూపాయల చొప్పున పాలసీదారునికే చెల్లించవలెను.

"రోజుకు ఐదువేలా?" అని మామ మంచముపై లేచి కూర్చుండబోయి, నడుము జ్ఞాపకము వచ్చి మరల పండుకొనెను. "అట్లయితే ఆలీసెమే సెయ్యనీ అల్లుడూ."

ఫిర్యాదును కోసిగి పోస్టాఫీసులో రిజిస్టరు చేయించితిని. విచారణ తేదీ ఇంకను రాలేదు. ఈలోపల మామ సాక్ష్యమునకు తయారగుచున్నాడు. నొప్పి సంగతి ఎవరడిగినను "నిన్నటినుంచే సార్" అని జవాబు చెప్పుచున్నాడు. మొన్న అంగడికి వచ్చిన జనాభా లెక్కలవాడెవడో, ఈ ఊరికి వచ్చి ఎన్నాళ్లాయెనని అడిగినందుకును అదియే చెప్పెను. తాతముత్తాతలనాటినుండి ఇక్కడనే పుట్టి పెరిగినవాడని నేను సరిదిద్దబోగా, చేయి పట్టి ఆపెను.

పాఠకులారా, ఆస్పత్రిలో సంతకము పెట్టుటకు ముందు కేసుషీటులో ఏమి వ్రాసినారో చదివించుకొనుడు. పాలసీ సమాచార పత్రమును తెలుగులో ఈయవలెనని అడుగుడు, అడిగినచో ఈయవలసినదే. తిరస్కార లేఖ వచ్చినదా, దానిని చింపి పారవేయకుడు: అంబుడ్స్‌మన్‌కు వ్రాసుకొనుటకు మీ అప్పీలును కంపెనీవారు త్రోసిపుచ్చిన జవాబు అందిన నాటినుండి ఒక సంవత్సరము గడువు కలదు.