ఆ చీకటి మీకేం చేసింది?

స్నోక్వాల్మీ పాత రైలు సొరంగంలోకి స్పీకరు పట్టుకొచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. సియాటిల్ నుంచి గంట ప్రయాణం. హయాక్ దగ్గర కారు ఆపి నాలుగడుగులు వేస్తే రెండుంబావు మైళ్ళ చీకటి. మన రెడ్‌మండ్, సమామిష్ ఇళ్ళల్లో అర్ధరాత్రి కూడా వైఫై డబ్బా దీపమో, వీధిదీపమో కళ్ళలో పొడుస్తూనే ఉంటుంది. అలాంటిచోట బతికేవాళ్ళకి అంత చిక్కటి చీకటి దొరకడమే అపురూపం. దాన్ని సినిమా పాటతో, ఈ-బైకు లైటుతో పాడుచేస్తే ఎలా?

మా రోజుల్లో, అంటే తొంభైల చివర, ఈ సొరంగం గుండా పోయే నడకబాటని ఇంకా జాన్ వేన్ పేరుతో పిలిచే కాలంలో, వేసవి శనివారాల్లో రెండు మూడు కుటుంబాలం కలిసి వెళ్ళేవాళ్ళం. ఇంటికో టార్చిలైటు, ఓ పులిహోర డబ్బా. బ్యాటరీలు అయిపోతాయన్న భయంతో ఒక్క టార్చే వెలిగించి దాని వెనకే అందరం నడిచేవాళ్ళం. నడిమికి వచ్చాక అదీ ఆర్పేసేవాళ్ళం. కళ్ళ ముందు పెట్టుకున్న చెయ్యి కనపడేది కాదు. కప్పు నుంచి నీటిబొట్టు టప్పున పడేది, కాసేపటికి ఇంకోటి. పిల్లలు మొదట మా చేతులు గట్టిగా పట్టుకునేవాళ్ళు. తరవాత ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించేవాళ్ళు. ఎక్కడో అవతలి ద్వారం ఆవగింజంత వెలుగై కనపడేది. ఎంత నడిచినా అది పెరిగేది కాదు.

అరకు రైల్లో సొరంగం వస్తే మీరూ కేకలు పెట్టలేదా అంటారు. పెట్టాం. అక్కడ రైలుంది, దాని రొదలో మన కేక కలిసిపోతుంది. ఇక్కడ రైలు ఆగిపోయి నలభై ఏళ్ళు దాటింది.

అసలు ఈ కొండని ఎందుకు తొలిచారని అడిగేవాళ్ళేరీ? మిల్వాకీ రోడ్ అనే కంపెనీ రైలు 1909 నుంచి స్నోక్వాల్మీ కనుమ మీదుగానే వెళ్ళేది. చలికాలం వస్తే మంచుతో గండమే. ఈ కొండల్లో మంచు ఎంతకి తెగిస్తుందో 1910 మార్చి 1న తెలిసింది. ఉత్తరాన స్టీవెన్స్ కనుమ దగ్గర, వెల్లింగ్టన్‌లో, మరో కంపెనీవి రెండు రైళ్ళు నిలిచిపోయి ఉంటే మంచుచరియ వాటిని లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. మిల్వాకీ వాళ్ళు 1912లో సొరంగం పని మొదలుపెట్టి, 1915 జనవరికి ఇందులోంచి రైలు నడిపారు. పొడవు 11,888 అడుగులు. తరవాత కరెంటు ఇంజన్లూ తిరిగాయి. చివరికి కంపెనీ దివాలా తీసింది, 1980లో ఇటు రైళ్ళు ఆగిపోయాయి. అంత పొడుగునా రాయి పగలగొట్టిన కూలీల గురించి ఒక్క మాటైనా అనుకోకుండా, రయ్యిమని సైకిలు తొక్కి, అవతల ద్వారం దగ్గర రీలు తీసుకుని తిరిగొచ్చేస్తారు. నాకు నిజంగా బాధేస్తుంది.

నవంబరు నుంచి ఏప్రిల్ ఆఖరుదాకా తలుపులు మూసేస్తే దానికీ విసుగే. కప్పుకి వేలాడే మంచుకడ్డీ నెత్తిన పడితే తెలుస్తుంది. 2009లో పైనుంచి పెచ్చులు ఊడిపడుతున్నాయని మూసేశారు. మరమ్మతులు చేసి 2011లో తెరిచారు. ఆ పనిచేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. మూసి ఉన్నన్నాళ్ళూ ఎదురుచూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

ఇంకోటి. ఆగస్టు ఎండ చూసి పసిపిల్లల్ని పల్చటి చొక్కాల్లో తీసుకొస్తున్నారు. లోపల నడివేసవిలోనూ పది డిగ్రీల సెల్సియస్సే, పైగా చెమ్మ. మధ్యలో పిల్ల వణికి ఏడిస్తే ముందుకెళ్ళినా మైలే, వెనక్కెళ్ళినా మైలే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తప్పకుండా తీసుకురండి, కానీ స్వెటరు, మంకీ క్యాపు వేయించండి. ఫోను వెలుగుని నమ్ముకోకుండా మనిషికో టార్చి ఇవ్వండి. అది వెలుగుతోందో లేదో కారు దగ్గరే చూసుకోండి.