పనిపాక గోడకు టీకా తాత్పర్యము

మూలము: చూరు ముందు, రంగు వెనుక, నడుమ గాలి.

ప్రతిపదార్థము: చూరు = గోడ దాటి రెండడుగులు చాచిన కప్పు అంచు; ముందు = మొదట ఖర్చు పెట్టవలసినది; రంగు = నూనె, వార్నిషు, ఎనామిలు మొదలు డబ్బా మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉన్న సమస్తమూ; వెనుక = డబ్బు మిగిలితే; నడుమ = పలకకూ లోగోడకూ మధ్య; గాలి = గాలే. సూత్రం మనదే, వ్యాఖ్యా మనదే కనుక కవి హృదయం గురించి పేచీ లేదు.

తాత్పర్యము: అనకాపల్లి పెరట్లో చెక్క పలకలు కొట్టి పనిపాక వేసుకున్నవారికి జూన్‌లో నైరుతి వానలు, అవి వెళ్లాయనుకునేలోపు అక్టోబరు తుపాన్లు. పలక తడవక మానదు; ఎంత త్వరగా ఆరుతుందన్నదే ప్రశ్న. కొయ్యలో తేమ 20 శాతం లోపున ఉన్నంతకాలం కుళ్లబెట్టే బూజు అందులో కాపురం పెట్టలేదు. పలక నీళ్లు తాగేది ముఖంతో కన్నా రంపంతో కోసిన కొసలతోనే ఎక్కువ. రంగువేసేవాడు ముఖానికి మూడు కోటింగులు వేసి, కొసలను దేవుడికి వదిలేస్తాడు. పలక వానకు అడ్డంగా ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. ఆ లాగుడుకు రంగు పొర మేకుల దగ్గర చిట్లుతుంది. అక్కడ దూరిన నీటిని ఆ రంగే త్వరగా ఆరనివ్వదు. పైకి నిగనిగ, మేకు తల చుట్టూ నల్లటి మరక, వేలితో నొక్కితే మెత్తన.

పూర్వపక్షము: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు వాన అడ్డంగా కొట్టింది కదా, రెండడుగుల చూరు ఏం ఆపుతుంది? పైగా గాలికి అదే పట్టు దొరికే చోటు కాదా? ఆక్షేపణ గట్టిదే. అందుకే వాసాలను స్తంభాలకు ఇనుప పట్టీలతో బిగించాలి, మూడడుగుల చూరుకు ఆశపడకూడదు. సూత్రంలో గాలి ఉన్నదీ అందుకే. అడ్డజల్లు సందుల్లోంచి దూరక మానదు, ఏ రంగూ దాన్ని ఆపదు. నిలువు రీపర్ల మీద పలకలను అడ్డంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా కొట్టి, వెనుక అంగుళం ఖాళీని పైనా కిందా తెరిచి (ఎలుకలకు జాలీ వేసి) ఉంచితే, దూరిన నీరు జారిపోతుంది, మిగిలిన తడి ఆరిపోతుంది.

జిల్లాలోనే లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక ఉండగా, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల లక్కనే గోడకు పూయరాదా అన్నది సరసమైన పూర్వపక్షం. అంకుడు కొయ్య బొమ్మ లేతు మీద తిరిగే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. గోడను లేతు మీద తిప్పలేం. తిప్పగలిగినా, తడిలో నానిన లక్క తెల్లబారుతుంది. ఆ బొమ్మ అల్మారాలో బతకడానికి పుట్టింది.

మరి రంగు వ్యర్థమా? కాదు, ఎండకు పలక నెరవకుండా కాచేది అదే. పూసే క్రమమే తిరగేయాలి: బిగించక మునుపే మొదట కొసలు, ఆపైన వెనుక వైపు, చివరకు ముఖం.

అధ్యాహారము: సూత్రంలో చోటు చాలక వదిలేసిన ‘నేలకు జానెడు ఎత్తున’ అన్న మాట చేర్చుకోవాలి. చూరు నీళ్లు నేలను కొట్టి, బురదతో తిరిగి లేచి అడుగు పలకనే తడుపుతాయి. ఇటుక అరుగు మీద గోడ నిలిపితే ఇంకో లాభం: చెద పైకెక్కాలంటే ఆ ఇటుకల మీదుగానే మట్టి గొట్టం కట్టుకోవాలి, చీపురు పట్టినవారి కంట పడుతుంది.